పప్పు అన్న మాటతో వచ్చిన చిక్కు

(హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభలలో నన్ను మాట్లాడమన్నప్పుడల్లా రాజ్యాంగంలోని 350ఎ అధికరణాన్ని గురించో, తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం మూలంగా మన పిల్లల తెలుగు చదువుకు కలిగిన ఇబ్బందులను గురించో, తెలుగు ఉపాధ్యాయుల ఖాళీలను గురించో మాట్లాడుతూ వచ్చాను. ఈ రోజు నిర్వాహకులను అడిగి వేరొక విషయం తీసుకొన్నాను. జీడిపప్పు, బాదం, పిస్తా వంటివి ఒంటికి సరిపడని పిల్లలకు మన ఇళ్లలో, మన వాడలలో అన్నం ఎలా పెట్టాలన్నది ఆ విషయం. ఇది వైద్యుడు చెప్పవలసిన మాట కదా, న్యాయవాదికి ఇందులో పనేమిటని మీలో కొందరికి తోచవచ్చు. నేను వైద్యం చెప్పడానికి రాలేదు. వైద్యుడు చెప్పిన మాట తల్లికి చేరేలోగా, తల్లి చెప్పిన మాట వంట చేసేవారికి చేరేలోగా అది ఎన్ని భాషలు మారుతున్నదో, ఆ మార్పులలో ఏమి జారిపోతున్నదో చెప్పాలని వచ్చాను. మా అమ్మాయికి జీడిపప్పు, పిస్తా సరిపడవు. అందువల్ల ఈ సంగతి నాకు పుస్తకాలలోనే గాక వంటింట్లో కూడా ఎదురైంది.

కొంతకాలం క్రిందట ఈ ప్రాంతపు పల్లె నుండి ఒక తల్లి పొలం తగాదా పని మీద నా దగ్గరకు వచ్చింది. వెంట ఆరేళ్ల కొడుకు. మాటల మధ్య బిడ్డ ఆరోగ్యం ప్రస్తావన వచ్చింది. పట్నంలో పెద్దాసుపత్రిలో చూపిస్తే పప్పు పెట్టవద్దని చెప్పారని, ఎనిమిది నెలలుగా పెట్టడం లేదని అన్నది. ఏ పప్పు అని అడిగాను. ‘అన్నీ మానిపిస్తిమి. కందిపప్పు, పెసరపప్పు, ఉద్దిపప్పు, ఏదీ లేదు. ఇడ్లీ కూడా పెట్టేది లేదు’ అన్నది. సంచిలోని చీటీ తీసి చూపింది. అందులో ఆంగ్లంలో ఉన్నది ‘ట్రీ నట్స్’ మాన్పించమని. ఆ మాటకు అర్థమేమిటని ఆమె అడిగితే అక్కడి సిబ్బందిలో ఒకరు ‘పరుప్పు’ అని తమిళంలో చెప్పారట. ఆమె దానిని ‘పప్పు’ అని తెలుగులో గ్రహించింది. ఒక్కొక్క మెట్టుగా చూస్తే ఎవరి అనువాదమూ తప్పు కాదు. తమిళంలో జీడిపప్పు ముందిరిపరుప్పే, కందిపప్పు తువరంపరుప్పే. తెలుగులోనూ రెండూ పప్పులే. కానీ ఆ బిడ్డ ఎనిమిది నెలల పాటు ఇంట్లో దొరికే ముఖ్యమైన మాంసకృత్తులకు దూరమయ్యాడు. బలహీనంగా ఉన్నాడని ఎవరో చెప్పగా ఆమె రోజూ సాయంత్రం బాదంపాల పొడి కలిపి పట్టడం మొదలుపెట్టింది. బాదం అన్నది ఆమె వాడుకలో పప్పుల జాబితాలో లేదు. వద్దన్న వస్తువు కప్పులోకి వచ్చింది, వద్దనని వస్తువు కంచం నుండి పోయింది. తరువాత విడివిడిగా పరీక్షలు చేయించగా ఆ బిడ్డకు సరిపడనిది జీడిపప్పనీ, బాదం కాదనీ తేలింది. అది వాడి అదృష్టం.

వైద్యులు ‘ట్రీ నట్స్’ అనే మాట క్రిందకు జీడిపప్పు, బాదం, పిస్తా, అక్రోటు, హేజెల్‌నట్, పీకన్, మకడామియా, బ్రెజిల్ నట్ వంటి చెట్ల గింజలు వస్తాయి. వేరుశెనగ ఇందులోనిది కాదు. అది నేలలో కాయలు కాసే పప్పుజాతి మొక్క, కందికి, శనగకు చుట్టం. కొందరు పిల్లలకు వేరుశెనగ కూడా సరిపడకపోవచ్చు గాని, చెట్టు గింజలు పడనంత మాత్రాన వేరుశెనగ పడదని లెక్క కాదు. కొబ్బరి సంగతీ అంతే. చెట్టు గింజలు పడని పిల్లలలో చాలామంది కొబ్బరిని నిక్షేపంగా తినగలరు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ కూడా తన చెట్టు గింజల జాబితాలో నుండి కొబ్బరిని 2025 జనవరిలో తొలగించింది. జాజికాయ పేరులో కాయ ఉన్నా, ఆంగ్లంలో నట్ ఉన్నా, అది ఈ వర్గానికి చెందదు. ఇక ఈ గింజలలోనూ కుటుంబాలున్నాయి. జీడిపప్పు, పిస్తా ఒక కుటుంబం. ఒకటి పడని బిడ్డకు రెండవదీ పడకపోవడం ఎక్కువ. అక్రోటు, పీకన్ మరొక జంట. మన వీధులలో నీడ కోసం పెంచే బాదం చెట్టు ఉన్నదే, పిల్లలు కాయ చితకగొట్టి గింజ తింటారు, అది అంగడిలోని బాదం కానే కాదు. పేరు ఒకటి, చెట్లు వేరు. మీ బిడ్డకు ఏది పడదో, ఏది తినవచ్చో విడివిడిగా, పేరుపేరున వైద్యుని చేత వ్రాయించుకోవాలి. ‘నట్స్’ అన్న ఒక్క మాట వ్రాసిన చీటీతో తృప్తిపడి ఇంటికి రావద్దు. రక్త పరీక్షలో ఏదో అంకె ఎక్కువ వచ్చిందని, ఏనాడూ ఏమీ కాని పదార్థాలను కూడా మాన్పించే ఇళ్లను చూశాను. ఆ అంకె ఒక్కటే నిర్ణయం కాదు. తిన్నప్పుడు ఏమి జరిగిందో కలిపి చూసి, అవసరమైతే తమ ఎదుటనే కొద్దికొద్దిగా తినిపించి చూసి, నిపుణులు తేల్చవలసిన సంగతి.

మనం రాష్ట్రాల సరిహద్దులకు అటూ ఇటూ విస్తరించి ఉన్నవారం గనుక మాటల చిక్కు ఇంకా ముదురుతుంది. వేరుశెనగనే తీసుకోండి. తెలంగాణలో పల్లీలు, అనంతపురం వైపు బుడ్డలు, రాయలసీమలో మరికొన్ని చోట్ల శెనక్కాయలు. కర్ణాటకలో కడలెకాయి, మహారాష్ట్రలో శేంగదాణె. ఒడిశాకు వెళితే అదే చినాబాదాం, వాడుకలో ఊరికే బాదాం. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో మన తెలుగు తల్లి అంగడిలో మిఠాయి చూపి ఇందులో ఏముంది అని అడిగితే ‘బాదాం’ అని జవాబు వస్తుంది. అది వేరుశెనగ ఉండ కావచ్చు, నిజమైన బాదం కావచ్చు. బాదం పడక వేరుశెనగ పడే బిడ్డకు అనవసరంగా మిఠాయి పోతుంది. అంతకంటె ప్రమాదం, వేరుశెనగ పడక బాదం పడే బిడ్డ ఉంటే, ఆ మాటను తెలుగు అర్థంలో తీసుకొని తల్లి ధైర్యంగా పెట్టేస్తుంది. జీడిపప్పును కన్నడంలో గోడంబి అంటారు, తమిళంలో ముందిరి అంటారు, ఒడియా, మరాఠీలలో కాజు అంటారు. యానాం, కాకినాడ వైపు కాజా అనే మిఠాయి ఉన్నది, అది మైదాపిండితో, పంచదార పాకంతో చేసేది, పేరుకు తప్ప కాజుతో సంబంధం లేదు. అయినా జీడిపప్పు పాకం చేసిన పళ్లెంలోనే దానిని ఆరబోస్తే సంబంధం ఏర్పడుతుంది. ఆ మాట అంగడివారిని అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడ మన భాషాభిమానులతో ఒక మాట. ఇటువంటి సందర్భం రాగానే కొత్త పదం కల్పించాలని మనలో కొందరికి చేతులు దురదపెడతాయి. ‘వృక్షఫలబీజములు’ అని ఒక మిత్రుడు నాకు సూచించాడు. ఆ పదం విని ఏ వంటమనిషీ గరిటె ఆపడు. జీడిపప్పు, బాదం, పిస్తా, అక్రోటు అని నాలుగు పేర్లూ వరుసగా చెప్పడమే అసలైన తెలుగు. దానితో పాటు పొరుగు భాషల పేర్లు కూడా మన పిల్లలకు రావాలి. బిడ్డ నాలుగైదేళ్ల వయస్సుకు వచ్చేసరికి ఈ ప్రశ్న అడగడం నేర్పవచ్చు. ఇక్కడైతే ‘ఇదిలె ముందిరి ఇరుక్కా’ అని, కోలారులోనో బెంగుళూరులోనో అయితే ‘ఇదరల్లి గోడంబి ఇదెయా’ అని, సోలాపురంలో ‘యాత కాజూ ఆహే కా’ అని, బరంపురంలో ‘ఎథిరే కాజు అఛి కి’ అని. భాషా హక్కుల ఉద్యమంలో ఉంటూ పొరుగు భాష నేర్పమంటున్నానని ఎవరూ అనుకోవద్దు. మన హక్కు మనది, అన్నం వడ్డించేవారి భాష వారిది. బిడ్డ కంచం ముందు కూర్చున్న వేళ రెండవదే ముందు పనికి వస్తుంది.

మరొక మాట ఉన్నది, ఇది మన తెలుగులోనే ఉన్న చిక్కు. ‘పడదు’ అన్న మాట. వంకాయ పడదంటాం, చన్నీళ్లు పడవంటాం, అత్తకూ కోడలికీ పడదంటాం. ‘మా బిడ్డకు జీడిపప్పు పడదు’ అని తల్లి చెప్పగానే వినేవారి మనస్సులో దురదో, కడుపు ఉబ్బరమో, పైత్యమో మెదులుతుంది. ‘ఒక్కటి తింటే ఏమౌతుంది’ అన్న జవాబు అక్కడ పుడుతుంది. వాస్తవం వేరు. ఈ పిల్లల ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ గింజలోని మాంసకృత్తును శత్రువుగా ఎంచి తిరగబడుతుంది. తిన్న కొద్ది నిమిషాలలో, ఎక్కువలో ఎక్కువ రెండు గంటలలోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు మొదలుకావచ్చు. తీవ్రమైతే గొంతు బిగుసుకొని, ఊపిరి ఆడక, రక్తపు పోటు పడిపోతుంది. అందుకని ‘పడదు’ అనవద్దు. ‘తింటే ఊపిరి ఆగిపోతుంది’ అని చెప్పండి. అమంగళం పలకడమెందుకని పెద్దలు అభ్యంతరపెడతారు. మా అత్తగారు కూడా పెట్టారు. నేను మాట మార్చలేదు.

మా అమ్మాయికి మూడవ ఏట బంధువుల ఇంట పెళ్లిలో ఇది జరిగింది. సేమియా పాయసంలో నుండి జీడిపప్పు ముక్కలన్నీ ఏరివేసి పెట్టామని వడ్డించినవారు చెప్పారు. ఎంతో ప్రేమతోనే ఏరారు. రెండు చెంచాలు తిన్నదో లేదో మెడ మీద దద్దుర్లు, వెంటనే దగ్గు, గొంతు మారిపోవడం. మంటపానికి ఎదురుగానే ఒక వైద్యశాల ఉండబట్టి, అక్కడి వైద్యులు వెంటనే తొడకు సూది వేయబట్టి నేను ఈ రోజు ఈ సంగతిని ఇంత తాపీగా చెప్పగలుగుతున్నాను. ముక్క ఏరివేస్తే చాలదు. జీడిపప్పు వేయించిన నెయ్యిలో దాని సారం ఉంటుంది, ఆ నెయ్యి పాయసమంతా కలుస్తుంది. గరిటెకు ఉంటుంది, మూకుడుకు ఉంటుంది.

కనుక వంటింటి సంగతి. ఇంట్లో సులువైన మార్గం ఆ గింజలను ఇంటికే తేకపోవడం. పెద్దలకు అది కష్టమైతే వేరే డబ్బా, వేరే మూకుడు, తిన్న తరువాత సబ్బుతో చేతులు కడగడం. ఊరికే నీళ్లతో తొలిపితే చాలదు. మన సాంప్రదాయిక వంటలలో ఈ గింజలు తప్పనిసరి కాదన్న సంగతి మనం మరచిపోయాం. జీడిమామిడి మన దేశానికి పోర్చుగీసువారితో 16వ శతాబ్దంలో వచ్చింది. అంతకు ముందు మన పూర్వులు పొంగలి వండుకోలేదా? పొంగలిలో, ఉప్మాలో, పులిహోరలో కరకరలాడేందుకు కొబ్బరి ముక్కలు నేతిలో వేయించి వేయవచ్చు. వేరుశెనగ తినగల బిడ్డకు అదే చాలు. కుర్మాకు చిక్కదనం కావాలంటే కొబ్బరి, గసగసాలు, పుట్నాల పప్పు ఉన్నాయి. పోషణ పోతుందేమోనన్న భయం వద్దు. రాగి ముద్ద, కందిపప్పు, గ్రుడ్డు, పాలు, నువ్వులు, ఆకుకూరలు తినే బిడ్డకు జీడిపప్పు లేకపోవడం లోటు కాదు. నువ్వులు కూడా కొందరికి పడవు, అది వేరే సంగతి, వైద్యునితో తేల్చుకోవాలి.

ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఇంటి బయట. విచిత్రమేమంటే ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్న భోజనంలో అన్నం, సాంబారు, గ్రుడ్డు వంటివే గాని ఖరీదైన ఈ గింజలు సాధారణంగా ఉండవు. తోటి పిల్లల పుట్టినరోజు మిఠాయిలు, కేకులు, గుడి ప్రసాదం, పెళ్లిళ్లు, హోటళ్లు, వీటి దగ్గరే జాగ్రత్త కావాలి. చక్కెర పొంగలిలో జీడిపప్పు ఉంటుంది. తిరుమల లడ్డులో ఉంటుంది. బిసిబేళె బాత్ మీద, కేసరి బాత్ మీద చల్లుతారు. ఒడిశా ఛేనాపోడలో తరచుగా వేస్తారు. మహారాష్ట్ర శ్రీఖండ్ మీద పిస్తా, బాదం, సారపప్పు కనబడతాయి. ఇవన్నీ కంటికి కనబడేవి. కంటికి కనబడనిది హోటల్ కూరలలోని గుజ్జు. పనీరు కూరలు, కుర్మాలు, కొన్ని బిరియానీలలో జీడిపప్పు ముద్దగా నూరి కలుపుతారు. ఆకారం ఉండదు, రుచి కూడా పట్టుబడదు. అడగకుండా పెట్టవద్దు, అడిగినప్పుడు సర్వర్‌ను కాక వంట చేసేవారిని అడగాలి. ప్రసాదం విషయంలో ఇంట్లో పెద్దలకు నచ్చజెప్పడమే కష్టం. కళ్లకు అద్దుకొని పెద్దల చేతికి ఇవ్వడం మా అమ్మాయికి నేర్పాం. దేవుడికి అభ్యంతరం ఉంటుందని నేననుకోను.

‘కొద్దికొద్దిగా పెడుతూ పోతే అలవాటవుతుంది’ అనే మాట మన ఊళ్లలో ఇంకా వినబడుతున్నది. ఆ పద్ధతి నిజంగానే ఉన్నది గాని, అది నిపుణుల పర్యవేక్షణలో, కొలిచిన మోతాదులతో చేసే చికిత్స. ఇంట్లో నాయనమ్మ చేసే ప్రయోగం కాదు. వయస్సుతో పోతుందా అంటే, పదిమందిలో సుమారు ఒకరికి పోతుందని వైద్యులు చెబుతారు. మిగిలిన తొమ్మిదిమంది దీనితోనే పెరిగి పెద్దవారు కావాలి.

ఆపద వచ్చినప్పుడు చేయవలసినది క్లుప్తంగా చెబుతాను. దానికి మందు అడ్రినలిన్ సూది, తొడ బయటివైపు మధ్యభాగంలో కండరంలోకి. అది జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్న మందు, ఖరీదైనది కాదు. దురదకు ఇచ్చే సెట్రిజిన్ వంటి మాత్ర దద్దుర్లను తగ్గించవచ్చు గాని మూసుకుపోయే గొంతును తెరవదు. మాత్ర వేసి చూద్దామని కాలయాపన చేయడమే ప్రాణం మీదికి తెచ్చేది. బిడ్డను పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో ఉంచాలి. ఊపిరి ఆడడం లేదంటే కూర్చోబెట్టవచ్చు, నడిపించరాదు. 108కి ఫోను చేయాలి. తేరుకొన్నా ఆసుపత్రిలోనే కొన్ని గంటలు ఉంచాలి, లక్షణాలు మళ్లీ తిరగబెట్టవచ్చు. విదేశాలలో పిల్లల సంచులలో ఉండే, తామే వేసుకోగల సూది కలము మన చిన్న ఊళ్ల మందుల దుకాణాలలో దొరకడం లేదు. అందువల్ల మీ వైద్యుని అడిగి, బిడ్డ బరువుకు తగిన మోతాదు వ్రాయించుకొని, ఇంట్లో ఎవరు ఎలా వేయాలో నేర్చుకొని ఉండండి. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒక రోజు తీరికగా వెళ్లి, ఈ మందు ఉన్నదా, రాత్రివేళ ఎవరుంటారు అని ముందే కనుక్కోండి.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన భాగానికి వస్తాను. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం క్రింద 2020లో వచ్చిన లేబుల్ నిబంధనల ప్రకారం, పొట్లాలలో అమ్మే ఆహారంలో వేరుశెనగ, చెట్టు గింజలు, పాలు, గ్రుడ్డు, చేప, సోయా, గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు మొదలైనవి ఉంటే ఆ సంగతి విడిగా ప్రకటించాలి. పొరపాటున కలిసే అవకాశం ఉంటే ఉండవచ్చునని సూచించాలి. మంచి నిబంధన. అయితే ఏ భాషలో? ఆంగ్లంలో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని. మరే ఇతర భాషనైనా అదనంగా వాడుకోవచ్చునని నిబంధన అనుమతిస్తున్నది, వాడాలని ఆదేశించడం లేదు. ఫలితంగా హోసూరులోని తెలుగు తల్లికే కాదు, తమిళ తల్లికి కూడా ఆ వాక్యం అందడం లేదు. పుదుచ్చేరి 1965 నాటి అధికార భాషల చట్టంలో యానాంకు తెలుగు వాడుకకు చోటు ఉన్నది. అక్కడి అంగడిలోని బిస్కెట్టు పొట్లం మీద కూడా తెలుగు ఉండదు. అంతెందుకు, విజయవాడలోనూ వరంగల్లులోనూ ఇదే పరిస్థితి. ఈ విషయంలో భాషా అల్పసంఖ్యాకులమైన మనమూ, తమ రాష్ట్రంలో అధిక సంఖ్యాకులైన వారూ ఒకే వరుసలో నిలబడి ఉన్నాం. పొరుగు భాషలవారితో కలిసి అడగగల కోరిక ఇది. ఇటువంటివి మనకు తరచుగా దొరకవు.

పొట్లం మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది, శాకాహారమని. అక్షరం రాని అవ్వ కూడా దానిని చదువుతుంది. బొమ్మకు భాష లేదు. జీడిపప్పుకూ, వేరుశెనగకూ, గ్రుడ్డుకూ అటువంటి గుర్తులు ఎందుకు పెట్టరాదు? ప్రకటన వాక్యం ఒక్కటైనా అమ్మే రాష్ట్రపు భాషలో ఎందుకు ఉండరాదు? మన వినతిపత్రంలో ఈ రెండే అడుగుదాం. లేబుల్ అంతా అన్ని భాషలలో కావాలంటే పొట్లం మీద చోటు లేదంటారు, ఆ వాదనకు ఊతం ఇవ్వవద్దు. ప్రస్తుతానికి ఆకుపచ్చ చుక్కతో జాగ్రత్త. మా ఇంటికి వచ్చే చుట్టాలు పచ్చ చుక్క చూపి ఇందులో ఏమీ లేదంటారు. కాజు బర్ఫీకి కూడా పచ్చ చుక్కే.

లేబుల్ మీద ప్రకటించకుండా అమ్మితే అది తప్పుడు లేబుల్ క్రిందకు వస్తుంది. చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం మూడు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నది. 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు తానే రుసుము చెల్లించి ఆహారాన్ని విశ్లేషకునికి పంపుకోవచ్చు. బిడ్డకు ఏదైనా జరిగితే మొదట ఆసుపత్రి, ఆ పొట్లం మాత్రం పారవేయవద్దు.

ఫిర్యాదు ఏ భాషలో వ్రాయాలి అని అడుగుతారు. రాజ్యాంగం 350వ అధికరణం చదవండి. కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా, ఏ అధికారికైనా తన ఇబ్బందిని నివేదించుకొనే హక్కు ప్రతి వ్యక్తికీ ఉన్నది. కృష్ణగిరి జిల్లా ఆహార భద్రతా అధికారికి మీరు తెలుగులో వ్రాస్తే భాష కారణంగా త్రిప్పి పంపే వీలు లేదు. అయితే జవాబు కూడా తెలుగులోనే ఇవ్వాలని ఆ అధికరణం చెప్పలేదు. ఈ తేడాను మన కార్యకర్తలు గుర్తుంచుకోవాలి. పని త్వరగా జరగాలంటే తెలుగు ప్రతికి తమిళ ప్రతిని జత చేయమని నా సలహా. హక్కును వదులుకోవడం కాదది, అధికారికి సాకు లేకుండా చేయడం. జిల్లాలో గాని తాలూకాలో గాని 15 శాతానికి తగ్గకుండా మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రకటనలు వెలువరించాలని భాషా అల్పసంఖ్యాకులకు ఎప్పటినుండో ఇచ్చిన హామీ ఉన్నది. అంగన్‌వాడీలలో, ఆరోగ్య కేంద్రాలలో పిల్లల ఆహారం గురించి అతికించే కాగితాలు కూడా ముఖ్యమైన ప్రకటనలేనని మనం వాదించాలి. అమలు కాకపోతే 350బి అధికరణం క్రింద ఏర్పడిన భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ ఉన్నారు, ఆయనకు వ్రాయాలి. ఆసుపత్రి సంగతికి వస్తే, జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో, జబ్బు వివరాలను రోగికి తెలిసిన భాషలో వివరించాలని ఉన్నది. చీటీలోని ‘ట్రీ నట్స్’ అన్న రెండు మాటలను తెలుగులో విప్పి చెప్పమని అడగడం దయ కోరడం కాదు. ఏ గింజ, ఏ గింజ కాదు అని అడిగి, వారి ఎదుటనే మీ భాషలో వ్రాసుకోండి.

పాఠశాలకు మాత్రం నోటిమాట చాలదు. ఒక కాగితం మీద బిడ్డ ఫొటో, తినకూడని వాటి పేర్లు, లక్షణాలు, వెంటనే చేయవలసిన పని, రెండు ఫోను నంబర్లు వ్రాసి, ప్రధానోపాధ్యాయులకు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. నకలు ఒకటి వంటమనిషికి, ఒకటి తరగతి ఉపాధ్యాయులకు. ఏటా తరగతి మారగానే మళ్లీ ఇవ్వాలి. తోటి పిల్లలకు ఉపాధ్యాయులు చెప్పగలిగితే ఇంకా మంచిది. మా అమ్మాయి తరగతిలో పిల్లలు పెద్దలకంటె కచ్చితంగా ఉన్నారు. మిఠాయి పంచేవారి వెంట పడి ‘ముందిరి ఇరుక్కా’ అని వారే అడుగుతున్నారు.

అటువంటి కాగితం నమూనా ఒకటి తయారుచేసి తెచ్చాను. పై వరుసలో తెలుగు, క్రింద తమిళం, కన్నడం, ఆంగ్లం. ఒడియా, మరాఠీ ప్రతులు అక్కడి మిత్రుల చేత సరిచూపించిన తరువాత పంపుతాను. తమిళ వాక్యాలను ఇద్దరు తమిళ ఉపాధ్యాయులు దిద్దారు, వారికి కృతజ్ఞతలు. వెనుక బల్ల మీద రెండు వందల ప్రతులున్నాయి. అవసరమున్న ఇల్లు మీది కాకపోయినా మీ వీధిలో ఉండవచ్చు, తీసుకొని వెళ్లండి. లేబుల్ గురించిన వినతిపత్రం కూడా అక్కడే ఉన్నది. తెలుగు ప్రతి మీద, తమిళ ప్రతి మీద రెండింటి మీదా సంతకాలు చేయవలసిందిగా మనవి.